కణము గొప్పదా, కంచుకము గొప్పదా?

జీవకణములోపల నడచు వ్యాపారములను సూక్ష్మదర్శినితో వెంబడింప నెంచువారికి, చూడదలచిన వస్తువునకు తగిలించుటకు వెలుగునిచ్చు గుర్తు ఒకటి కావలయును. ఆ పనికి చిరకాలమునుండి వాడుకలోనున్న రోడమిన్ మొదలగు సేంద్రియ వర్ణకములు తీవ్రమైన కాంతి సోకిన కొలది సేపటికే వెలవెలబోవును గనుక, అంత త్వరగా వాడని వెలుగునిచ్చు అర్ధవాహక స్ఫటికములపైకి, అనగా క్వాంటం డాట్లని ప్రసిద్ధికెక్కిన నానోకణములపైకి, శాస్త్రజ్ఞుల దృష్టి మరలినది. అయితే వానిలో మేలైనవి పుట్టునది నూనెవంటి ద్రవములలో. జీవము నడచునది నీటిలో. ఈ రెంటికిని సంధి కుదుర్చు విషయమున, జీవితమంతయు స్ఫటికముల పెంపకమునందే గడపిన ఒక రసాయనాచార్యునకును, ఆయనయొద్ద విద్య నభ్యసించి పిదప జీవశాస్త్రమున ప్రవేశించిన శిష్యురాలికిని నడచిన వాదమును ఇచట పొందుపరచుచున్నాను. నా మనస్సు శిష్యురాలివైపే మొగ్గుచున్నదని ముందుగనే చెప్పుట న్యాయము. అట్లని ఆచార్యుని మాటలను తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు.

శిష్యురాలు: గురువుగారూ, తమరు పంపిన సీసాను తెరచి అతినీలలోహిత దీపము క్రింద పెట్టి చూచితిని. నీరంతయు నారింజరంగున నిండుగా వెలిగినది. అడుగున మడ్డి లేదు, ఎచటను మసక లేదు. కాని మా జీవకణములు బ్రతుకు ఫాస్ఫేటు లవణజలమును అందు పోయగనే, కన్నులయెదుటనే ఆ నీరు మసకబారి, కొంతసేపటికి వెలుగంతయు అడుగునకు దిగి పలుచని చారగా నిలిచినది. పైనున్న నీరు చీకటి. ఉప్పు సోకినంతనే విరిగిపోవు దానిని నీటిలో నిలిచిన కణమని యెట్లనవచ్చును?

ఆచార్యుడు: తొందరపడకమ్మా. విరిగినది పైపూత, స్ఫటికమునకు హాని లేదు. ఆ స్ఫటికము సిద్ధించుటకు ఎంత శ్రమ పడవలసివచ్చినదో నీ వెరుగుదువు. ఎకిమోవ్ రంగుగాజులోను, లూయీ బ్రూస్ 1983లో ద్రవములోను, కణము చిన్నదగుకొలది దాని వెలుగు నీలమువైపు జరుగునను ధర్మమును గుర్తించిరి గాని, ఒకే పరిమాణము గల కణములను రాసిగా పుట్టించు విద్య 1993లో బవెండియు ఆయన శిష్యులును కనుగొనువరకు చేతికి రాలేదు. ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్ ఆక్సైడును సుమారు 300 డిగ్రీల వరకు కాచి, అందులోనికి కాడ్మియం, సెలీనియం సమ్మేళనములను ఒక్కపెట్టున చిమ్మినయెడల, బీజములన్నియు ఒక్క క్షణముననే పుట్టి, అటుపిమ్మట నెమ్మదిగా సమముగా పెరుగును; 2 నానోమీటర్ల కణము నీలముగను, 6 నానోమీటర్ల కణము ఎఱ్ఱగను వెలుగును. దానిపై జింకు సల్ఫైడు పెంకు తొడిగినయెడల కాంతి ద్విగుణము త్రిగుణమగును. 2023లో ఆ ముగ్గురికిని నోబెల్ బహుమానము వచ్చినది ఇందులకే. ఇంత సాధించిన పిదప దానిని నీటిలోనికి దింపుట కడపట చేయు చిన్న పని మాత్రమే.

శిష్యురాలు: చిన్న పనియని తమ రనుచున్నారు. నేను చూచుచున్న జీవకణమునకు తమ స్ఫటికముతో ప్రత్యక్షముగా పరిచయమే లేదు. దానికి తగులునది, దానిచే ఆకర్షింపబడునది, లేదా త్రోసివేయబడునది, పైనున్న పొర ఒక్కటియే. కాడ్మియం సెలెనైడు ఎంత నిర్దుష్టమైనదైనను, దాని కంచుకము చెడ్డదైనచో నా పరిశోధనకు అది చెడ్డ కణమే.

ఆచార్యుడు: కంచుకము ననాదరింపలేదమ్మా, మితముగ నుండవలెనని మాత్రమే నా మతము. ఫ్లాస్కునుండి బయటికి వచ్చునపుడు ఒక్కొక్క స్ఫటికము పొడవైన కర్బన శృంఖలముల ఒరలో నుండును. ఆ శృంఖలముల కొనలు నీటిని సహింపవు గనుక అది హెక్సేనులో, క్లోరోఫారములో కరగును గాని నీటిలో కరగదు. ఇక మార్గములు రెండు. పాత వస్త్రమును విప్పి కొత్తది కట్టుట ఒకటి. ఉన్నదానిపైననే ఉత్తరీయము కప్పుట రెండవది. మొదటి మార్గమున ఒక కొనయందు గంధకమును, మరియొక కొనయందు ఆమ్లమూలకమును గల మెర్కాప్టో ఎసిటిక్ ఆమ్లమువంటి చిన్న అణువును విస్తారముగ కలుపుదుము. గంధకము జింకును పట్టుకొనును, ఆమ్లమూలకము నీటిని పట్టుకొనును. పై పొరయందు హెక్సేను, క్రింద నీరు గల సీసాను గట్టిగా కుదిపి నిలిపినపుడు, మీది పొరయందలి వెలుగు క్రిందికి దిగి నీటిలో నిలుచుట చూచినయెడల, ముప్పది సంవత్సరములు ఈ పనియందున్న నాకును నేటికి ఆనందమగును. ఆ గంధకపు అణువుల దుర్గంధమును సహించుటయు అందులకే. ఇట్లు చేసిన కణమునకు స్ఫటికముమీద ఒక్క నానోమీటరైనను పెరుగదు. 1998లో వారెన్ చాన్, షూమింగ్ నీ అనువారు ఇండియానా విశ్వవిద్యాలయమున చేసిన దిదియే: ఆ చిన్న ఆమ్లమును తొడిగి, ట్రాన్స్‌ఫెరిన్ అను మాంసకృత్తును దానికి కట్టి, హీలా కణములకు అందించినపుడు, ఆ కణములు దానిని తమ ద్వారములగుండ లోనికి గ్రహించినవి. రోడమిన్‌తో పోల్చి చూడగా వెలుగు ఇరువది రెట్లనియు, వాడకుండ నిలుచుట నూరు రెట్లనియు వారు ప్రకటించిరి.

శిష్యురాలు: ఆ వ్యాసము మహోపకారము చేసినది, నిజము. కాని గురువుగారూ, 'సైన్స్' పత్రిక అదే సంచికలో బర్క్‌లీనుండి బ్రూచెజ్, అలివిసాటోస్ ప్రభృతుల వ్యాసమొకటి కలదు. వారు పొరను చిన్నదిగా నుంచుటకు చూడలేదు. కణముచుట్టును సిలికాతో గాజువంటి కవచమును పోసి, ఒకే ఎలుక కణమున కేంద్రకమును పచ్చగను, ఆక్టిన్ తంతువులను ఎఱ్ఱగను, ఒకే దీపముతో వెలిగించి చూపిరి. ఈ శాస్త్రము జీవశాస్త్రములో అడుగుపెట్టిన నాడే ఈ వాదము కూడ దానితో అడుగుపెట్టినది; మనము క్రొత్తగా కలహించుట లేదు.

ఆచార్యుడు: మంచిది. అట్లయిన నా కంచుకమున దోషమేమి?

శిష్యురాలు: మూడు దోషములు కనిపించుచున్నవి. గంధకము జింకును పట్టుకొనునని తమరంటిరి. ఆ పట్టు శాశ్వతము కాదు. వెలుతురు సోకినపుడు ఆ గంధకపు అణువులు, అనగా థయాలులు, రెండురెండుగా కలిసి డైసల్ఫైడులై ఊడిపోవుననియు, పొర ఊడిన పిదప కణములు ఒండొంటిని తాకి ముద్దకట్టుననియు, అల్డానా, పెంగ్ అనువారు 2001లో చూపిరి. వెలుగుటకై పుట్టిన కణము వెలుతురుననే కంచుకము పోగొట్టుకొనుట ఎంతటి విపరీతము! ఇంకొకటి. ఆమ్లమూలకములు కణమునకు ఋణావేశము నిచ్చి, కణమును కణము త్రోసివేయునట్లు చేయుటవలననే అది నీటిలో నిలుచుచున్నది. శుద్ధజలమున ఆ వికర్షణ వందలకొలది నానోమీటర్ల దూరము ప్రసరించును. రక్తమునందు, మా లవణజలమునందు, ఉప్పు సుమారు 0.15 మోలార్, అచటి అయానులు ఆ ఆవేశమును కప్పివేయగా ఆ వికర్షణపరిధి ఒక నానోమీటరునకు లోబడును. అప్పుడు కణములు ఎదురుపడినచో అతుకుకొనుట తప్ప వేరు గతి యుండదు. నా సీసాలో జరిగినది ఇదియే. తుదకు, పాత వస్త్రమును విప్పునపుడు ఉపరితలమున రంధ్రములు, తెరిపి స్థానములు ఏర్పడి, వెలుగవలసిన శక్తి అచట వేడిగా నశించును. ఇంతకుమునుపు తమరు గర్వముతో చెప్పిన ఆ కాంతిలో సగమునకు పైగా ఈ వస్త్రమార్పిడియందే పోవుట మా ప్రయోగశాలలో నిత్యము చూచుచున్నాము.

ఆచార్యుడు: తొలి దోషమునకు ఉత్తరము 2000లోనే వచ్చినది. మట్టూసియు ఆయన సహచరులును డైహైడ్రోలిపోయిక్ ఆమ్లమును ప్రవేశపెట్టిరి; దానియందు గంధకములు రెండుండుటచే ఒకటి వదలినను రెండవది విడువదు. దానికి పాలిఇథిలీన్ గ్లైకాల్ శృంఖలమును జోడించినయెడల, ఆవేశముతో పనిలేకుండ, నీటితో నిండిన ఆ శృంఖలముల విస్తృతియే కణములను ఎడముగా నుంచును. అప్పుడు నీ ఉప్పు ఏమియు చేయజాలదు. కాంతి తగ్గుట సత్యమే, దాచను. కాని నీవు సూచించు రెండవ మార్గమును కూడ పరీక్షింతము. కర్బన శృంఖలములపై, ఒకవైపు నూనెను, ఒకవైపు నీటిని కోరు పాలిమరును చుట్టి, లేదా కణము నొక ఫాస్ఫోలిపిడ్ మిసెల్ గర్భమున దాచి, నీటిలో దింపెదరు. పాత పొర చెదరదు గనుక కాంతి చెదరదు, ఒప్పుకొందును. కాని 5, 6 నానోమీటర్ల స్ఫటికము తుదకు 15, 20 నానోమీటర్ల బరువైన గోళమగుచున్నది గదా! యాంటీబాడీయే సుమారు 10 నానోమీటర్ల వస్తువు. గుర్తుపెట్టబడిన దానికంటె గుర్తు పెద్దదయినచో, మనము చూచుచున్నది దాని నడకయా, మన బరువును మోయుచు అది నడచు నడకయా?

ఇచట ఒక మాట నేను చెప్పవలసియున్నది. ఆచార్యుని ప్రశ్న వట్టి మాటకారితనము కాదు. ఈ విద్యయందు పనిచేయువారందరిని కలతపెట్టు ప్రశ్న అదియే. నాడీకణముల సంధియందలి సందు ఇరువది ముప్పది నానోమీటర్ల వెడల్పు మాత్రమే యుండును. 2003లో దహాన్, ట్రిల్లర్ ప్రభృతులు గ్లైసిన్ గ్రాహకములకు ఒక్కొక్క క్వాంటం డాటును కట్టి, పొరపై వాని సంచారమును ఇరువది నిమిషములకు పైగా వెంబడించినపుడు, వర్ణకములకు సాధ్యము కాని దీర్ఘదర్శనము దొరకినది. అయితే అంతటి యిరుకు సందులోనికి ఇరువది నానోమీటర్ల గోళము చొరబడుట సుకరము కాదని తలచువారి సందేహము కూడ న్యాయమైనదే. దీనిని శిష్యురాలు ఎట్లు ఎదుర్కొనెనో చూతము.

శిష్యురాలు: పరిమాణము విషయమున తమ మాట శిరసావహింతును, చిన్నది కావలసిన చోట చిన్నదే కావలయును. కాని ఎవరు ఏ పని చేయుచున్నారో చూచి కంచుకమును నిర్ణయింపవలెను. దుబెర్త్రే ప్రభృతులు 2002లో ఫాస్ఫోలిపిడ్ మిసెల్‌లో దాచిన కణములను కప్పపిండములోనికి ఎక్కించి, ఒక్క జీవకణపు సంతతి పిండమున ఎచట చేరునో తోకకప్పయగువరకు వెంబడించిరి. అచట పరిమాణమునకు ఏమి ప్రాధాన్యము? కణము దినములకొలది విచ్ఛిన్నము కాకుండ నిలుచుటయే ప్రాణము. మరుసటి సంవత్సరము వూ ప్రభృతులు పాలిమరుతో చుట్టిన కణములను యాంటీబాడీలకు కట్టి, రొమ్ముక్యాన్సరు కణములమీది హెర్2 గ్రాహకమును వెలిగించిరి. నిలుకడయున్న చోటనే ఆ పని సాగినది.

ఆచార్యుడు: నీ గోళములమీద మాంసకృత్తులు పేరుకొనుట లేదా? సీరములో వేసిన వెంటనే అవి పైన పొరగా అంటుకొనవా?

శిష్యురాలు: అంటుకొనును; అది నేను కూడ మోయవలసిన కష్టమే. కొన్ని పాలిమరు పూతలతో మేము చేసిన పలకలు చూచినయెడల, జీవకణములున్న చోటను లేని చోటను ఒకే తీరున వెలుగుచు, చూడదలచిన గ్రాహకము ఎచట నున్నదో తెలియక, అంతటను మిణుగురులు చల్లినట్లుండును. పాలిఇథిలీన్ గ్లైకాల్ తొడిగినయెడల ఆ గందరగోళము మిక్కిలి తగ్గును. ధన ఋణములు రెంటిని సమముగ గలిగి వెలుపలికి తటస్థముగా నుండు సిస్టీనువంటి అణువులు మరియొక మార్గము. అవి చిన్నవి కూడ. తమ మార్గమును నా మార్గమును కలుపు వంతెన అదే కావచ్చునేమో.

ఆచార్యుడు: అయితే అంగీకరించితివి!

శిష్యురాలు: అంగీకరింపలేదు గురువుగారూ, ఇంకను చెప్పవలసినది కలదు. ముద్దకట్టుటను కంటితో పట్టుటకు మాకు ఒక మంచి సాధనము కలదు. ఒక్క కణము నిరంతరము వెలుగదు; ఆరి, మరల వెలుగుచు, ఆ లయలేని మిణుకులలోనే తాను ఒక్కటియేయని తెలుపును. పలుకణముల ముద్ద సమముగ వెలుగును. దహాన్, ట్రిల్లర్ ప్రభృతులు గ్లైసిన్ గ్రాహకములను వెంబడించినపుడు ఒంటరి కణమును గుర్తించినది ఈ మిణుకుచేతనే. కాబట్టి సూక్ష్మదర్శినిలో ఎడతెగక వెలుగు అందమైన చుక్క దొరకినపుడు నేను సంతోషింపను. అది తమ కంచుకము విరిగిన చిహ్నమని భయపడుదును. మరియు కణమునకు యాంటీబాడీలు ఒకటికి మించి ఎక్కువగ అతికిన యెడల అది ఒకేసారి పలు గ్రాహకములను పట్టి దగ్గరకు లాగును. జీవకణము మేల్కొని, వానిని లోనికి మింగును. అప్పుడు మేము చూచునది జీవకణపు స్వభావమును గాక, మా గుర్తు కలిగించిన కల్లోలమునే. పొరమీద ఆమ్లమూలకములెన్ని, వానికి అతికిన యాంటీబాడీలెన్ని అను సంఖ్యను చెప్పలేని కంచుకము ఎంత చిన్నదైనను నా పనికి అక్కరకు రాదు.

ఆచార్యుడు: దానిని తోసిపుచ్చను. కాని నా చిన్న కణమునకు ఒక మహాప్రయోజనము కలదు. అది శరీరమునుండి బయటికి పోగలదు. చోయీ, ఫ్రాంజియోని ప్రభృతులు 2007లో సిస్టీను తొడిగిన కణములను జంతువుల రక్తములోనికి ఎక్కించి, నీటిలో కణముయొక్క మొత్తము వ్యాసము 5.5 నానోమీటర్లకు లోబడినయెడల మూత్రపిండములు దానిని వడబోసి వెలుపలికి పంపుననియు, అంతకు మించినది దేహముననే నిలిచిపోవుననియు తేల్చిరి. నీ 20 నానోమీటర్ల గోళము కాలేయమునందు, ప్లీహమునందు నెలలకొలది నిలుచును; దాని గర్భమున నున్నది కాడ్మియం. 2004లో డెర్ఫస్, భాటియా మొదలగువారు కాలేయకణములతో పరీక్షించి, గాలికి, అతినీలలోహిత కాంతికి గురియైన కాడ్మియం సెలెనైడు కాడ్మియం అయానులను విడిచి కణములను చంపుననియు, జింకు సల్ఫైడు పెంకు ఆ హానిని తగ్గించినను పూర్తిగ తొలగింపదనియు చూపిరి. బలమైన కంచుకము విషమును ఎన్నాళ్లు దాచును? దాచుటకంటె వెలుపలికి పంపుటయే క్షేమము గదా!

శిష్యురాలు: ఇది నేను వినదలచిన మాటయే. పశువులలో శస్త్రచికిత్సకు దారి చూపినది మాత్రము 15, 20 నానోమీటర్ల కణమే. 2004లో ఒక పందికి పరారుణ కాంతినిచ్చు కణములను చర్మమున ఎక్కించి, ఒక సెంటీమీటరు లోతున నున్న లసికాగ్రంథిని వెలుపలినుండి చూపిరి. చిన్నదైనచో ఆ గ్రంథిని దాటి వెళ్లిపోవును, పెద్దదైనచో గ్రంథి చేరకయే ఆగిపోవును. కాబట్టి పరిమాణము పెద్దదనుట దోషముగనే తీసికొనరాదు. ఆ పనికి సరిపడు పరిమాణము వేరు. కాని మనుష్యదేహమున తమ మాటయే నిజము. 2014లో వెలువడిన మానవ పరీక్షయందు, మెలనోమా రోగులకు ఎక్కించినది సిలికాగోళమునందు వర్ణకమును బంధించి, పాలిఇథిలీన్ గ్లైకాల్‌తో కప్పిన 6, 7 నానోమీటర్ల కణము. దానియందు కాడ్మియమే లేదు. మనుష్యునకు వాడవలసినపుడు కణమునే మార్చుకొనిరి. కంచుకమును మాత్రము మరువలేదు.

ఆచార్యుడు: అట్లైన మన కాడ్మియం స్ఫటికములకు వీడ్కోలు చెప్పుమందువా? ఇండియం ఫాస్ఫైడు వచ్చినది. యిటెర్బియం, ఎర్బియం కలిపిన సోడియం యిట్రియం ఫ్లోరైడు వచ్చినది, 980 నానోమీటర్ల పరారుణమును గ్రహించి పచ్చగ వెలుగునది. దానిని కూడ ఒలీయిక్ ఆమ్లపు నూనెలో పెంచి, ఆమ్లముతో ఆ నూనెను కడిగి నీటిలో దింపుచున్నారు.

శిష్యురాలు: దింపుచున్నారు, దింపగనే నీటి అణువులు ఉపరితలముననున్న అయానులను తాకి వాని శక్తిని తమ కంపనములుగా హరించివేయును. అందుచేతనే దానికిని నిష్క్రియమైన పెంకును, మంచి కంచుకమును మరల కావలసివచ్చుచున్నవి. ఏ కణమును తెచ్చినను ప్రశ్న అక్కడికే వచ్చుచున్నది.

ఆచార్యుడు: సరే, వాదము ముగించుట నా యుద్దేశము కాదు. నీ కేమి కావలయునో స్పష్టముగా చెప్పు.

శిష్యురాలు: ఇకమీదట తమరు పంపు సీసాపై వెలుగు తరంగదైర్ఘ్యమును మాత్రమే గాక, నీటిలో కణముయొక్క వ్యాసమును, ఎంత ఉప్పువరకు నిలుచునో దానిని, ఏ ఆమ్లత్వమున విరుగునో దానిని, సీరములో ఒక దినము నానిన పిదప ఎంత వెలుగు మిగులునో దానిని కూడ వ్రాయవలెను. పొరమీద ఎన్ని ఆమ్లమూలకములున్నవో తెలిసినచో అదియును.

ఆచార్యుడు: వ్రాయుదును. అయితే నీవును నీ వ్యాసమున, ఏ లవణజలములో, ఎన్ని గంటలు, ఏ దీపము క్రింద నా కణమును ఉంచితివో మరువక వ్రాయుము; లేకున్నచో నా కంచుకము ఎచట విరిగెనో నాకెట్లు తెలియును? మరియు ఈ సీసా సంగతి: డైహైడ్రోలిపోయిక్ ఆమ్లమునకు పాలిఇథిలీన్ గ్లైకాల్ జోడించినది ఇంకొకటి చేసి పంపెదను. పాలిమరు చుట్టినది నీవే చేయించి, రెంటిని ఒకే లవణజలమున పక్కపక్కన పెట్టుము. మొదట ఉప్పు పరీక్ష, పిదప సీరము, ఆ పిదప ఒంటరి కణము మిణుకునో లేదో చూడుము.

శిష్యురాలు: తమ కణము నెగ్గినచో సంతోషముతో ఒప్పుకొందును, గురువుగారూ. కాని పోటీ తమ ప్రయోగశాలలోని శుద్ధజలములో గాక, మా లవణజలములోనే జరుగవలెను.